బ్రెడ్డు ఎప్పుడొచ్చిందో ముందు అడగండి

పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు: ఈసారి బెంగళూరులో పొద్దుటి శాండ్‌విచ్

ప్రశ్న: మారతహళ్ళిలో పీజీలో ఉంటున్నాను. ఏడున్నరకి ఆఫీసు క్యాబ్. ఇడ్లీ, దోశ ఎక్కడైనా దొరుకుతాయి, వాటి మీద నాకేం కోపం లేదు. వారానికి రెండు రోజులైనా గుడ్డు పెట్టిన మంచి శాండ్‌విచ్ తిందామంటే, యాప్‌లో తెప్పించిన ప్రతిసారీ తడిసిన అట్టముక్క చేతికొస్తోంది. ఎక్కడ వెతకాలి? (ఒక పాఠకురాలు, మారతహళ్ళి)

జవాబు: ముందు యాప్ సంగతి. వేడి టోస్టును డబ్బాలో పెట్టి మూత బిగిస్తే ఆవిరికి పోయే దారి ఉండదు. మూతకి చుక్కలు కట్టి మళ్ళీ బ్రెడ్డు మీదే రాలుతుంది. కరకర పోవడానికి ఐదారు నిమిషాలు చాలు. మీ గుమ్మం చేరడానికి అంతకంటే ఎక్కువే పడుతుంది. ఎంత మంచి చెయ్యి చేసినా ఇది తప్పదు. టోస్టు బ్రెడ్డు శాండ్‌విచ్ పెనం పక్కన నిలబడి తినాల్సిన వస్తువు. కాబట్టి నడిచివెళ్ళే దూరంలో ఒకటి వెతుక్కోవాల్సిందే.

ఏడింటికి షట్టరెత్తి ఉండేవి మూడు రకాలు. దర్శినిలో, అంటే నిలబడి తినే టిఫిన్ హోటల్లో, బోర్డు మీద శాండ్‌విచ్ కనిపించినా ఆ వేళ అడక్కండి. పెనమంతా దోశలదే. మీ బ్రెడ్డుకి ఓ మూల చోటిస్తారు, అది దోశ నూనె తాగి లేస్తుంది. ఇక మిగిలినవి బేకరీ, టీ కొట్టు పక్కన గుడ్డు బండి. కెఫేలు చాలావరకు ఎనిమిది, తొమ్మిది దాటాకే తలుపు తీస్తాయి. బొంబాయి పద్ధతి గ్రిల్ శాండ్‌విచ్ కొట్లకు అసలు జోరు సాయంత్రమే. వాటి జోలికి పోవద్దు, మీ క్యాబ్ తప్పిపోతుంది.

రెండు రోజులు ఆరున్నరకి, ఏడింటికి మధ్య మీ పీజీ చుట్టూ అర కిలోమీటరు తిరగండి. మొదటి రోజు తినకుండా చూసి రండి. బేకరీ గల్లా దగ్గర ఒక్క మాట అడగండి: "బ్రెడ్ యావాగ బంతు?" బ్రెడ్డు ఎప్పుడొచ్చింది అని. "నిన్నె సంజె" (నిన్న సాయంత్రం) అని జవాబొస్తే మొహం మాడ్చుకోవద్దు, అది మంచి జవాబు. ఓవెన్లోంచి అప్పుడే దిగిన బ్రెడ్డు ముక్క తెగదు. లోపలి వేడి నలభై డిగ్రీలకి దిగేదాకా లోపలంతా బంక బంకగా ఉండి కత్తికి అంటుకుంటుంది, ముక్కలు నలిగిపోతాయి. అందుకు రెండు గంటలైనా ఆగాలి. నిన్న సాయంత్రం దిగి, రాత్రంతా చల్లారి, పొద్దున తెగిన బ్రెడ్డే పెనం మీద బాగా నిలబడుతుంది. "వేడి వేడి బ్రెడ్డు" అని గొప్ప చెప్పే కొట్టు వాసనకి బాగుంటుంది గాని, శాండ్‌విచ్‌కి కాదు. జవాబు "మొన్నె" అయినా, "ఫ్రెష్షే సార్" అని దాటవేసినా పక్క కొట్టుకి నడవండి.

అడగడానికి మొహమాటమైతే ముక్క తీసుకుని మెల్లగా వంచండి. మంచిది విల్లులా వంగుతుంది. పాతది మధ్యలో పగిలి పొట్టు రాలుతుంది. వాసన కూడా చూడండి. కొద్దిగా ఈస్టు వాసన మామూలే. పులిసిన కల్లు వాసన వస్తే పిండి ఎక్కువసేపు ఉబ్బిందన్నమాట. వానాకాలంలో ఒక్కోసారి మగ్గిపోయిన అనాసపండు వాసన వచ్చి, చించితే లోపల దారాల్లా సాగుతుంది. అది ఒక రకం బాక్టీరియా పని. దాని బీజాలు ఓవెన్ వేడికి కూడా చావవు, టోస్టు చేసినంత మాత్రాన పోదు. అలాంటిది మొత్తం పారెయ్యాలి.

గుడ్డు బండి దగ్గరైతే పెనం చూడండి. గుడ్లు మీ ఎదురుగా కొట్టాలి. ముందే ఇరవై గుడ్లు గిలక్కొట్టి మగ్గులో పోసుకుని, గరిటెతో పెనం మీద వొంపే బండి ఎంత శుభ్రంగా కనబడినా వద్దు. ఆ మగ్గు ఎప్పటినుంచి ఎండలో ఉందో ఎవరికీ తెలియదు. కోసిన ఉల్లిపాయలు చిన్న గిన్నెలో ఉంటే మంచి గుర్తు, అయిపోగానే మళ్ళీ కోస్తున్నారని. పెద్ద బేసిన్ నిండా నీళ్ళూరి ఉంటే అవి రాత్రివి. అట్లకాడ ప్రతి ఆమ్లెట్‌కీ పెనాన్ని గీకుతోందా? గీకకపోతే పాత మసి మీ గుడ్డుకి అంటుతుంది, చేదొస్తుంది.

ఇవన్నీ కుదిరిన చోటు ఒకటి దొరికాక కొట్టు మార్చకండి. నాలుగోసారికి మీరు బండి దగ్గరికి రాగానే రెండు గుడ్లు చేతిలోకి తీసుకుంటాడు.

ప్రశ్న: బెంగళూరులో ఏ వీధికి వెళ్ళినా "అయ్యంగార్ బేకరీ" అని బోర్డు. అంతా ఒకే కంపెనీయా? మా అమ్మ గుడ్డు తినదు. అక్కడ పొద్దున ఆవిడ తినదగ్గవి ఏమిటి? (ఒక పాఠకుడు, విజయనగర్)

జవాబు: ఒకే కంపెనీ కాదు. హాసన్ ప్రాంతం నుంచి వచ్చిన అయ్యంగార్ కుటుంబాలు పెట్టిన బేకరీలకి పడిన పేరది. 1898లో చిక్కపేట వైపు మొదలైన బి.బి. బేకరీని ఈ వరసలో మొదటిదిగా చెబుతారు. వి.వి.పురంలోని వి.బి. బేకరీ 1950లనాటిది. గుడ్డు లేకుండా బ్రెడ్డు, బన్ను, కేకు చేయడం వీళ్ళ ప్రత్యేకత. కానీ ఆ పేరు బోర్డు మీద రాసుకోవడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. అదే బోర్డు కింద ఎగ్ పఫ్ అమ్మే కొట్లూ ఉన్నాయి. అమ్మగారికి పట్టింపు ఉంటే అద్దాల బీరువాలో పఫ్‌లు ఎన్ని రకాలున్నాయో ముందు చూడండి. ఎగ్ పఫ్ కనిపిస్తే ట్రేలు, పెనం వేరా అని అడగండి. ప్యాకెట్ బ్రెడ్డుకైతే చూడాల్సిన గుర్తు ఆకుపచ్చ చుక్క. మన దేశంలో గుడ్డు ఉన్న సరుకు మాంసాహారం గుర్తు కిందికే వస్తుంది.

పొద్దున తినదగ్గవి రెండు. ఒకటి ఖారా బన్ను: పిండిలోనే ఉల్లిపాయ, పచ్చిమిర్చి, కరివేపాకు, కొత్తిమీర కలిపి కాల్చింది. మధ్యకి కోయించి వెన్న రాయించుకోవాలి. "బెణ్ణె హాకి కొడి" అంటే చాలు. కొన్ని చోట్ల ఆ వెన్న మీద మసాలా పల్లీలు కూడా వేస్తారు, వాటిని ఇక్కడ కాంగ్రెస్ కడ్లెకాయి అంటారు. పల్లీ బద్దలకి ఉప్పు, కారం, మిరియం పట్టించి వేయించినవి.

రెండోది బ్రెడ్ టోస్టు, ఈ ఊరి అసలు శాండ్‌విచ్ అంటే మా లెక్కలో ఇదే. మీద రెండో ముక్క ఉండదు కాబట్టి శాండ్‌విచ్ కాదని వాదించేవాళ్ళుంటే వాదించుకోనివ్వండి. బొటనవేలి మందాన కోసిన బ్రెడ్డు ముక్కలు నాలుగైదు ఒకేసారి ఇనప పెనం మీద పడతాయి. అంచుల వెంట కరిగిన వెన్న తిరుగుతుంది. రెండు వైపులా గోధుమరంగు తేలాక, అల్యూమినియం గిన్నెలోంచి పసుపుపచ్చటి ఉల్లి, క్యారట్ మసాలా చెంచాతో తీసి, ముక్క అంచుదాకా అదిమి పూస్తారు. అంచుదాకా పుయ్యని కొట్టులో రెండోసారి తినక్కర్లేదు, చివరి రెండు కొరుకులూ వట్టి బ్రెడ్డే మిగులుతుంది.

వెన్న అని చెప్పేది నిజంగా వెన్నేనా అన్నది ఇంకో ప్రశ్న. చాలా కొట్లలో అది మార్గరీన్. పెనం మీద వెన్న నురగ కట్టి, కాసేపటికి అడుగున గోధుమరంగు రేణువులు తేలి, వేయించిన జీడిపప్పు లాంటి వాసన వస్తుంది. అవి పాల రేణువులు. మార్గరీన్ పసుపుపచ్చటి నూనెలా కరిగి ఊరుకుంటుంది, తిన్నాక అంగిట్లో మైనం పూసినట్టుంటుంది. అనుమానమొస్తే ప్యాకెట్ చూపించమనండి. టేబుల్ బటర్ వాడేవాడు గర్వంగా చూపిస్తాడు.

ప్రశ్న: ఆ బ్రెడ్ టోస్టు ఇంట్లో చేస్తే మసాలా నీళ్ళోడుతోంది, బ్రెడ్డు మెత్తబడి చేతిలో వంగిపోతోంది. బేకరీలో అలా కాదేం? (గృహిణి, హెబ్బాళ్)

జవాబు: మీరు టమాటా గింజలతో సహా వేస్తున్నారు, మసాలా వేడిగా ఉండగానే రాస్తున్నారు. ఈ రెంటిలో ఒకటైనా నిజం అయ్యుండాలి. ఎనిమిది ముక్కలకి కొలతలు ఇవి.

నూనె రెండు టేబుల్ స్పూన్లు, ఆవాలు అర టీస్పూను, కరివేపాకు ఒక రెమ్మ, పచ్చిమిర్చి మూడు. ఉల్లిపాయలు రెండు, మధ్యస్థం, సన్నగా తరగాలి. క్యారట్ ఒకటి తురమాలి. క్యాప్సికం సగం. టమాటాలు రెండు చిన్నవి, సగానికి కోసి గింజల గుజ్జు తీసేసి తరగాలి. ఆ గుజ్జు చారులోకి వాడుకోండి. పసుపు పావు టీస్పూను, కారం అర, ఉప్పు ముప్పావు, పంచదార అర. చివర్లో కొత్తిమీర.

పోపు వేగాక ఉల్లిపాయ నాలుగు నిమిషాలు, మెత్తబడాలే గాని ఎర్రబడకూడదు. క్యారట్, క్యాప్సికం వేసి మూడు నిమిషాలు. ఆ తర్వాతే టమాటా, ఉప్పు. ఉప్పు ముందే వేస్తే కూరలన్నీ ఒకేసారి నీళ్ళొదిలి ఉడుకుతాయి, వేగవు. మూత పెట్టొద్దు. ఎప్పుడు దించాలో గడియారం చెప్పదు. అట్లకాడతో మూకుడు మధ్యగా ఒక గీత గీసి చూడండి. ఆ దారిలోకి నీళ్ళు చేరకుండా మూడు నాలుగు సెకన్లు ఖాళీగా నిలబడితే అయినట్టు. దారి వెంటనే తడిస్తే ఇంకా రెండు నిమిషాలు. దించి పళ్ళెంలో పరిచి గోరువెచ్చగా అయ్యేదాకా ఆగండి. వేడి మసాలా బ్రెడ్డు మీద కూర్చుని అక్కడ కూడా ఆవిరి వదులుతుంది, మీ టోస్టు మెత్తబడేది అందుకే.

బ్రెడ్డు సంగతి. ముందే కోసి అమ్మే ప్యాకెట్ ముక్క సుమారు పన్నెండు మిల్లీమీటర్లుంటుంది, దీనికి పలచన. బేకరీలో కొయ్యని లోఫ్ తీసుకుని "దప్ప కట్ మాడి" అనండి, లావుగా కోసిస్తారు. ముక్కకి రెండువైపులా అంచుదాకా వెన్న రాయాలి. వెన్న రుచికే కాదు, తడి లోపలికి దిగకుండా పూతలా అడ్డుకుంటుంది కూడా. ఇనప పెనం, మధ్యస్థ మంట, ఒక్కో వైపు సుమారు రెండు నిమిషాలు. మిల్క్ బ్రెడ్డైతే పంచదార ఎక్కువ, నిమిషంలోనే నల్లబడుతుంది, మంట తగ్గించండి. ముక్కకి ఒకటిన్నర టేబుల్ స్పూన్ల మసాలా. పూసిన ఐదు నిమిషాల్లో తినేయాలి, ఇంటిల్లిపాదికీ చేసి ఒకేసారి వడ్డిద్దామనుకుంటే మొదటిది చెడుతుంది. మిగిలిన మసాలా ఫ్రిజ్‌లో రెండు రోజులు నిలవుంటుంది. దోశ మీద వేసుకున్నా బాగుంటుంది.

ప్రశ్న: బ్రెడ్ ఆమ్లెట్ తిప్పేటప్పుడు గుడ్డు ఒకవైపు, బ్రెడ్డు ఒకవైపు పోతున్నాయి. (బ్యాచిలర్, బి.టి.ఎం. లేఅవుట్)

జవాబు: గుడ్డు గట్టిపడ్డాక బ్రెడ్డు పెడుతున్నారు. పచ్చిగా ఉన్నప్పుడే పెట్టాలి, అంటుకునేది అప్పుడే.

రెండు గుడ్లు, ఉల్లిపాయ తరుగు రెండు టేబుల్ స్పూన్లు, పచ్చిమిర్చి ఒకటి, చిటికెడు పసుపు. ఉప్పు పావు టీస్పూను కంటే కొంచెం తక్కువ, పెనం మీద పొయ్యబోయే ముందే వెయ్యండి, లేకపోతే ఉల్లి నీరొదులుతుంది. టమాటా వద్దు. పాలు అసలే వద్దు, మెత్తదనం రాకపోగా నీరూరుతుంది. ముక్కలు రెండూ పక్కపక్కన అట్టలా పట్టే పెనం కావాలి. నీటి చుక్క వేస్తే రెండు మూడు సెకన్లలో చుయ్యిమని ఎగిరిపోయే వేడిలో టేబుల్ స్పూన్ నూనె వేసి, గుడ్డు పోసి, గుండ్రంగా పరవండి. వెంటనే రెండు బ్రెడ్డు ముక్కల్నీ ఆ తడి గుడ్డులో ఒకసారి అద్ది, తిరగేసి, పక్కపక్కన పెట్టండి. ఇప్పుడు రెండు వైపులా గుడ్డు పూత ఉంటుంది. ముప్ఫై సెకన్లు ముట్టుకోకండి. తర్వాత అంచులు లేపి చూస్తే అడుగు వదిలేస్తుంది. వదలకపోతే పెనం చల్లగా ఉందని అర్థం. లాగకండి, ఇంకో పది సెకన్లు ఆగండి. అట్లకాడ అడుగుదాకా తోసి ఒక్క ఊపులో మొత్తం తిరగెయ్యండి. బ్రెడ్డు వైపు నిమిషం వేగాక, బయటికి వేలాడే గుడ్డు అంచుల్ని లోపలికి మడిచి, పుస్తకం మూసినట్టు ముక్క మీద ముక్క వేయండి.

మంట పెద్దది పెడితే పైన మాడి లోపల పచ్చి. మరీ తాజా బ్రెడ్డైతే గుడ్డును స్పంజిలా పీల్చి చిరుగుతుంది. ఇక్కడ కూడా నిన్న సాయంత్రం బ్రెడ్డే మేలు.

ప్రశ్న: శాండ్‌విచ్‌లో మయొనైజ్ తినొద్దని ఇంట్లో గొడవ. నిజంగా అంత ప్రమాదమా? పచ్చడి మాటేమిటి? (విద్యార్థి, కోరమంగళ)

జవాబు: ఇంట్లోవాళ్ళ మాటలో సగం నిజముంది. పచ్చిగుడ్డుతో కొట్టులోనే గిలక్కొట్టే మయొనైజ్‌తోనే చిక్కు. గుడ్డులో సాల్మొనెల్లా బాక్టీరియా ఉంటే దాన్ని చంపే వేడి ఆ తయారీలో ఎక్కడా తగలదు, పైగా గిన్నె గంటల తరబడి బయటే ఉంటుంది. అందుకే తెలంగాణ ప్రభుత్వం 2024 అక్టోబరు 30 నుంచి, తమిళనాడు ప్రభుత్వం 2025 ఏప్రిల్‌లో పచ్చిగుడ్డు మయొనైజ్‌ను ఏడాదిపాటు నిషేధించాయి. ప్యాకెట్లో వచ్చే గుడ్డులేని మయొనైజ్‌కి ఈ భయం తక్కువ. ఐతే ప్యాకెట్ తెరిచాక ఫ్రిజ్‌లో ఉందా అని చూడాలి. పిండుకునే సీసా ఎండలో పెట్టుకున్న బండి దగ్గర "మయొ బేడ" అనండి, సరిపోతుంది.

మయొనైజ్ గురించి ఇంత గొడవపడేవాళ్ళు పుదీనా పచ్చడిని పట్టించుకోరు. నిజానికి పొద్దున చూడాల్సింది అదే. పచ్చి ఆకు, నీళ్ళు, ఉప్పు, రాత్రి రుబ్బింది. మంచి పచ్చడి ఆకుపచ్చగా, కొంచెం ముతకగా ఉంటుంది. పైన పలచటి నీరు తేరి, రంగు బూడిదపచ్చకి తిరిగితే పాతది. ఐదు డిగ్రీలకీ అరవై డిగ్రీలకీ మధ్య వేడిలో ఏ తడి పదార్థమైనా రెండు గంటలకి మించి ఉంచకూడదన్నది వంటశాలల మామూలు నియమం. ఉడికించి తొక్క తీసి రాత్రంతా బయట పెట్టిన బంగాళాదుంపకీ ఇదే వర్తిస్తుంది. దుంప గోరుకి జిగురుగా తగిలితే పెట్టించుకోకండి.

కొట్టు లైసెన్సు నంబరు గోడ మీదో బిల్లు మీదో ఉంటుంది, పద్నాలుగు అంకెలు. ఉంటే మంచిదే. కానీ ఆ అంకెలు పచ్చడిని తాజాగా ఉంచవు.

ప్రశ్న: బ్రౌన్ బ్రెడ్ అడిగితే మంచిదా? బ్రెడ్డు ఫ్రిజ్‌లో పెట్టొచ్చా? (రెండు ఉత్తరాలు కలిపాం)

జవాబు: రంగు చూసి మోసపోవద్దు, పైన పటారం లోన లొటారం. గోధుమరంగు క్యారమెల్ కలిపితే కూడా వస్తుంది. ప్యాకెట్ వెనక మొదటి పదార్థం గోధుమపిండా, మైదానా, ఎంత శాతం రాశారో చూడండి. మొదటి మాట మైదా అయితే అది రంగేసుకున్న తెల్ల బ్రెడ్డే. బ్రెడ్డు పిండిలో కలిపే పొటాషియం బ్రోమేట్ అనే రసాయనం భయం మటుకు పాతది, 2016లోనే దాన్ని మన దేశంలో బ్రెడ్డులో వాడకూడదన్నారు.

ఫ్రిజ్‌లో వద్దు. బ్రెడ్డు గట్టిపడేది ఆరిపోయి మాత్రమే కాదు, పిండిపదార్థం మళ్ళీ బిగుసుకుని. ఫ్రిజ్ చల్లదనంలోనే అది అన్నిటికంటే త్వరగా జరుగుతుంది. రెండు రోజుల్లో అయిపోయేదైతే బయటే డబ్బాలో పెట్టండి. అంతకు మించితే ముక్కలుగా ఫ్రీజర్‌లో పెట్టి, గడ్డకట్టిన ముక్కనే నేరుగా పెనం మీద వేయండి. బూజు చిన్న చుక్క కనిపించినా ఆ చుక్క కోసి మిగతాది తినే అలవాటు మానండి. కనిపించని దారాలు అప్పటికే లోపల పాకి ఉంటాయి.

ప్రశ్న: న్యూజెర్సీలో ఆరేళ్ళున్నాం. అక్కడ రైలెక్కేముందు కొట్టులో గుడ్డు, చీజ్ పెట్టిన రోల్ కాగితంలో చుట్టి ఇచ్చేవాడు. సర్జాపుర రోడ్డులో ఏ కెఫేలో అడిగినా అది రావడం లేదు. (దంపతులు, సర్జాపుర రోడ్డు)

జవాబు: గుడ్డు, చీజ్ సరిగానే ఉండి ఉంటాయి, తేడా బన్నులో. మీరు తిన్నది చాలావరకు కైజర్ రోల్: పైన సన్నటి గట్టి పొర, లోపల మెత్తన, పంచదార నామమాత్రం. ఇక్కడి మామూలు బన్ను తీపి, లోపల టూటీఫ్రూటీ కూడా ఉండొచ్చు. చీజ్‌తో అది అటూ ఇటూ కాకుండా పోతుంది. తీపిలేని పావ్ దగ్గరగా ఉంటుంది. మెత్తన కాబట్టి కోసిన ముఖాలు వెన్నతో బాగా ఎర్రగా కాల్చుకోవాలి.

రెండు గుడ్లు ఉప్పు, మిరియాలతో గిలక్కొట్టి, వెన్న వేసిన పెనం మీద జానెడు వెడల్పున పలచగా పరవండి. పైతడి ఇంకా మెరుస్తుండగా మధ్యలో చీజ్ స్లైసు పెట్టి, నాలుగు వైపులా కవరు మడిచినట్టు మడిచి, పొయ్యి ఆపేసి ఇరవై సెకన్లు వదిలేయండి. దీనికి ప్రాసెస్డ్ స్లైసే మేలు. అందులో కలిపే లవణాల వల్ల నూనె విడిపోకుండా కరుగుతుంది. మంచి చెడ్డార్ అని ఖర్చుపెడితే అధిక వేడికి నూనె తేలి, జిగురు ముద్ద మిగులుతుంది. పనీర్ ఎంతసేపటికీ కరగదు, దాని జోలికి పోవద్దు.

ఇక కాగితం. పైన మారతహళ్ళి పాఠకురాలికి ఆవిరి శత్రువని చెప్పాం, ఇక్కడ మిత్రుడు. రోల్ పైపొర గట్టిగా ఉంటుంది కాబట్టి, రెండు నిమిషాలు బటర్ పేపర్‌లో చుట్టి ఉంచితే ఆవిరి దాన్ని తినేంత మెత్తన చేస్తుంది, చీజ్ బన్నుకి అంటుతుంది. మీకు గుర్తున్న రుచిలో సగం ఆ రెండు నిమిషాలదే. పావ్‌కైతే ఒక్క నిమిషం చాలు.

ప్రశ్న: ఆదివారం పొద్దున తీరిగ్గా తినడానికి ఎటు వెళ్ళాలి? ఫ్రేజర్ టౌన్ బేకరీలు బాగుంటాయని విన్నాం. (కొత్తగా వచ్చినవాళ్ళు, హెచ్.ఎస్.ఆర్. లేఅవుట్)

జవాబు: విన్నది నిజమే, వేళ తప్పు. మాస్క్ రోడ్డులో 1902 నాటి ఆల్బర్ట్ బేకరీ మధ్యాహ్నం దాటాక తెరిచే కొట్టు, పొద్దున్నే వెళితే మూసిన తలుపు కనిపిస్తుంది. వి.వి.పురం తిండి బీదిలో బండ్లు కూడా సాయంత్రానివే. పొద్దున టోస్టు, గుడ్లు, కాఫీ కూర్చుని తినాలంటే సెయింట్ మార్క్స్ రోడ్డు కోషీస్ రెస్టారెంట్ పాత అలవాటు. పెద్ద సంఖ్యలో వెళ్ళకండి, బల్ల కోసం నిలబడాల్సి వస్తుంది.

ప్రశ్న: ఇంట్లో చేసుకుని వైట్‌ఫీల్డ్ దాకా మెట్రోలో తీసుకెళతాను. పది గంటలకి డబ్బా తెరిస్తే ముద్ద. (ఉద్యోగి, రాజాజీనగర్)

జవాబు: మెట్రోలో తినడానికి వీల్లేదు, తీసుకెళ్ళడానికి అడ్డులేదు. కాబట్టి రెండున్నర గంటలు నిలబడేది చెయ్యాలి. అది టోస్టు కాదు. టోస్టు చల్లారితే తోలులా సాగుతుంది. కాల్చని బ్రెడ్డు, ఉడికిన గుడ్డు తీసుకోండి. గుడ్లు మరిగే నీళ్ళలో తొమ్మిది నిమిషాలు, వెంటనే చన్నీళ్ళలోకి, పూర్తిగా చల్లారాక చితిపి ఉప్పు, మిరియాలు, కొంచెం వెన్న కలపండి. రెండు ముక్కలకీ లోపలివైపు అంచుదాకా వెన్న. కీరా, టమాటా లోపల పెట్టకండి, విడిగా చిన్న డబ్బాలో తీసుకెళ్ళి తినేముందు పెట్టుకోండి. గుడ్డు గోరువెచ్చగా ఉండగా మూత వేస్తే మళ్ళీ అదే ముద్ద.

బటర్ పేపర్‌లో చుట్టండి. ఫాయిల్ తడిని బయటికి పోనివ్వదు. డబ్బాలో శాండ్‌విచ్ అటూ ఇటూ జారకుండా సరిపడా ఇరుకుగా ఉండాలి, జారితే గుడ్డు ఒక మూలకి చేరి మిగతాదంతా ఖాళీ బ్రెడ్డు అవుతుంది. ఆఫీసు చేరగానే ఫ్రిజ్‌లో పెట్టి, తినే పదిహేను నిమిషాల ముందు బయటికి తీయండి. మైక్రోవేవ్‌లో మాత్రం పెట్టకండి, బ్రెడ్డు ముప్ఫై సెకన్లు మెత్తగా ఉండి ఆ తర్వాత రబ్బరైపోతుంది.